హైబ్రిడ్ విత్తనం రెండోసారి ఎందుకు పనిచేయదు? మియోసిస్ అసలు కథ

ఈరోజు ఎపిసోడ్ నాకు కొంచెం పర్సనల్. టాపిక్ పేరు వినగానే స్క్రోల్ చేసేయకండి. మియోసిస్. తెలుగు మీడియం వాళ్ళకైతే క్షయకరణ విభజన. బైపీసీ వాళ్ళకి లెప్టోటీన్, జైగోటీన్, పాకీటీన్ అని రాత్రంతా బట్టీ పట్టిన రోజులు గుర్తొచ్చి ఉంటాయి. నేను ఎంపీసీ. పదో తరగతి పరీక్ష రాసి బయటికొచ్చిన రోజే బయాలజీకి దండం పెట్టేశాను. ఇంటర్, బీటెక్, హైటెక్ సిటీలో ఉద్యోగం, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పదంతో నాకు పని పడలేదు.

కానీ మా ఇంట్లో ఒక ఏడాది పంట పోవడానికి కారణం ఇదేనని నాకు ఈ మధ్యే అర్థమైంది. ఆ సంగతి చెప్పడానికే ఈ వీడియో.

మాది జనగామ వైపు ఒక చిన్న ఊరు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా బాపు రెండెకరాల్లో మక్క వేశాడు. హైబ్రిడ్ విత్తనం, ప్యాకెట్ కొని తెచ్చాడు. ఆ ఏడాది పంట మస్తుగా వచ్చింది. చెట్టు చెట్టూ ఒకే ఎత్తు, స్కేలు పెట్టి గీసినట్టు. కంకులు ఒకేలా నిండుగా. బాపు ఏం చేశాడంటే, అందులో మంచి మంచి కంకులు ఏరి, ఎండబెట్టి, ఇంట్లో దూలానికి కట్టి దాచాడు. ఇంత మంచి పంట ఇచ్చిన గింజ ఇంట్లో ఉండగా మళ్ళీ ప్యాకెట్‌కి డబ్బులెందుకు అని. తాతల కాలం నుంచి జొన్నకైనా, కందికైనా అందరూ చేసిందే కదా.

మరుసటి ఏడాది అవే గింజలు వేశాడు. అదే భూమి, అదే ఎరువు, వానలు కూడా బాగానే పడ్డాయి. పంట మాత్రం చూడలేకపోయాం. ఒక చెట్టు మనిషి కంటే ఎత్తు, పక్కది నడుము దాకా. కొన్ని ముందే పూతకొచ్చాయి, కొన్ని కోతల టైమ్‌కి కూడా పచ్చిగానే ఉన్నాయి. కంకుల్లో సగం పళ్ళూడిన నోరులా ఉన్నాయి. ఊళ్ళో ఒకాయన విత్తనం ఎండబెట్టడం రాలేదన్నాడు. ఇంకొకాయన భూమి చెడిపోయిందన్నాడు. బాపు మాత్రం తప్పు తనదే అనుకున్నాడు. ఎక్కడో ఏదో చేయకూడనిది చేశాను అని. ఆ తర్వాత ఎవరు విత్తనం మాటెత్తినా లేచి వెళ్ళిపోయేవాడు.

తప్పు బాపుది కాదు. భూమిది కాదు. ఎండబెట్టడంలో కూడా లేదు. ఆ గింజ లోపల జరిగిన ఒక పని వల్ల అలా అయింది. ఆ పని పేరే మియోసిస్. మొదటి నుంచి చూద్దాం.

ముందు లెక్క ఎందుకు సగం కావాలి?

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలో 46 క్రోమోసోములు ఉంటాయి. క్రోమోసోమ్ అంటే సింపుల్‌గా, చుట్టచుట్టి పెట్టిన పొడవైన డీఎన్ఏ దారం. మన శరీరం ఎలా తయారవ్వాలో రాసి ఉన్న సమాచారం అందులో ఉంటుంది. ఈ 46 అనేది 23 జతలు. ప్రతి జతలో ఒకటి అమ్మ నుంచి వచ్చింది, ఇంకొకటి నాన్న నుంచి వచ్చింది.

చర్మం పెరగాలన్నా, దెబ్బ మానాలన్నా కణాలు రెండుగా విడిపోవాలి. అక్కడ జరిగేది మైటోసిస్. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో కాపీ పేస్ట్. 46కి 46 కాపీ తీసి, కొత్త కణాలు రెండింటికీ ఒక్కో ఫుల్ సెట్ ఇచ్చేస్తుంది. పాతదానికీ కొత్తదానికీ తేడా ఉండకూడదు, అదే దాని డ్యూటీ.

కానీ పిల్లలు పుట్టే విషయంలో ఈ పద్ధతి నడవదు. ఎందుకంటే అండంలో 46, శుక్రకణంలో 46 ఉంటే, కలిసినప్పుడు 92 అవుతాయి. ఆ బిడ్డకి పుట్టే బిడ్డకి 184. మనవళ్ళ తరం వచ్చేసరికి లెక్క చేయి దాటిపోతుంది. కాబట్టి అండం, శుక్రకణం తయారయ్యేటప్పుడు లెక్క ముందే సగం అయి తీరాలి. 23 ప్లస్ 23, మళ్ళీ 46.

ఇది మొదట కళ్ళతో చూసింది ఒక పురుగులో. 1883లో బెల్జియం శాస్త్రవేత్త ఎడ్వార్డ్ వాన్ బెనెడెన్, గుర్రాల పేగుల్లో ఉండే ఏలికపాముని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. దాని కణంలో నాలుగే నాలుగు క్రోమోసోములు, అందుకే లెక్కపెట్టడం ఈజీ అయింది. అండం నుంచి రెండు, శుక్రకణం నుంచి రెండు వచ్చి కలుస్తున్నాయని చూపించాడు. 1905లో ఫార్మర్, మూర్ అనే ఇద్దరు ఈ విభజనకి గ్రీకు మాట ఆధారంగా పేరు పెట్టారు. ఆ మాటకి అర్థం 'తగ్గడం'. మన తెలుగు పుస్తకాల్లో క్షయకరణ అన్నది కూడా అందుకే. క్షయం అంటే తగ్గిపోవడం. టీబీకి క్షయ అని పేరు రావడానికి కారణం కూడా ఇదే, మనిషి క్షీణించిపోతాడు కాబట్టి.

అయితే నా దృష్టిలో ఈ పేరు సగం కథే చెబుతుంది. తగ్గించడం ఒక్కటే పని అయితే చాలా సింపుల్. మియోసిస్ అంతకంటే పెద్ద పని ఇంకొకటి చేస్తుంది. కలిపేస్తుంది. పేక కలిపినట్టు కలిపేస్తుంది.

రెండు పేక కట్టలు తీసుకోండి

పండక్కి ఇంటికెళ్తే రమ్మీ ఆడతారు కదా, అదే పేక. ఒక కట్ట వెనకవైపు ఎర్రగా ఉంది, ఇంకో కట్ట వెనకవైపు నీలంగా ఉంది. ఎర్రవి అమ్మవి, నీలంవి నాన్నవి అనుకుందాం. ఒక్కో కట్టలో 1 నుంచి 23 దాకా నంబర్లున్న 23 ముక్కలు. మొత్తం 46. ఇది మీ ఒంట్లో ఒక కణం.

ఇప్పుడు మియోసిస్ మొదలవుతుంది. ముందు ప్రతి ముక్కకీ ఒక జిరాక్స్ తీస్తుంది. ఒరిజినల్, జిరాక్స్ రెండూ ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి.

తర్వాత జత కుదురుతుంది. ఎర్ర 1 వెళ్ళి నీలం 1 పక్కన పడుకుంటుంది. ఎర్ర 2 పక్కన నీలం 2. ఇలా 23 జతలూ. మైటోసిస్‌లో ఇది జరగదు, అక్కడ ఎవరి దారి వాళ్ళదే.

పక్కపక్కన పడుకున్నాక ఒక విచిత్రం జరుగుతుంది. కణం తన డీఎన్ఏని తనే కావాలని అక్కడక్కడా కత్తిరిస్తుంది. అవును, కావాలనే. కొన్నిచోట్ల ఎర్ర ముక్క నుంచి ఒక భాగం, నీలం ముక్క నుంచి సరిగ్గా అదే భాగం తెగి, అటుది ఇటు, ఇటుది అటు అతుక్కుంటాయి. దీన్నే క్రాసింగ్ ఓవర్ అంటారు. అంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్న 7 నంబర్ ముక్క పూర్తిగా ఎర్రది కాదు, పూర్తిగా నీలంది కాదు. సగం ఎరుపు, సగం నీలం. ఇలాంటి ముక్క మీ అమ్మ దగ్గరా లేదు, మీ నాన్న దగ్గరా లేదు. ఈ భూమ్మీద మొదటిసారి తయారైంది. ఇంకో విషయం, ఈ అతుకు పడటం వల్లే జత ముక్కలు చివరిదాకా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అది లేకపోతే విడిపోయే టైమ్‌లో ఎటు వెళ్ళాల్సింది ఎటు వెళ్తుందో చెప్పలేం.

తర్వాత మొదటి విభజన. ప్రతి జతలో ఒకటి ఒక పక్కకి, రెండోది ఇంకో పక్కకి వెళ్తుంది. ఎర్రది ఎటు, నీలంది ఎటు అనేది బొమ్మా బొరుసూ వేసినట్టే. 1వ జతలో ఎర్రది ఎడమకి వెళ్ళింది కదా అని 2వ జతలో కూడా ఎర్రది ఎడమకే వెళ్ళాలని రూల్ లేదు. ఆ తర్వాత రెండో విభజన. ఇందులో ఒరిజినల్, జిరాక్స్ విడిపోతాయి. అంటే కాపీ ఒక్కసారి, విభజన రెండుసార్లు. చివరికి నాలుగు కణాలు, ఒక్కోదానిలో 23 ముక్కలు. ప్రతి నంబర్‌దీ ఒకటి ఉంటుంది, కానీ ఏది ఎవరిదో గ్యారంటీ లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 23 సార్లు బొమ్మా బొరుసూ వేస్తే ఎన్ని రకాల ఫలితాలు రావచ్చు? రెండుని 23 సార్లు గుణించాలి. 83,88,608. ఒక్క మనిషి నుంచి ఇన్ని రకాల సెట్లు రావచ్చు. అమ్మ వైపు ఇన్ని, నాన్న వైపు ఇన్ని, రెండూ గుణిస్తే సుమారు 70 లక్షల కోట్లు. క్రాసింగ్ ఓవర్ లెక్కలోకి తీసుకోకుండానే ఇంత. అది కూడా కలిపితే ఇక లెక్క ఆపేయడం బెటర్.

మా చెల్లె, నేను ఒకే అమ్మానాన్నలకి పుట్టాం. దానిది తాతమ్మ ముక్కు, నాకు మాత్రం రాలేదు. చిన్నప్పుడు నేను దాన్ని నిన్ను సంతలో కొన్నాం అని ఏడిపించేవాడిని. సంత ఏమీ లేదు. 70 లక్షల కోట్లలో దానికొక చెయ్యి పడింది, నాకొక చెయ్యి పడింది.

ఈ పేక ఎప్పుడు కలుస్తుంది?

ఇది వింటే మీరు కాసేపు ఆగిపోతారు. మగవాళ్ళలో ఈ పని యవ్వనంలో మొదలై రోజూ నడుస్తూనే ఉంటుంది. ఆడవాళ్ళలో అలా కాదు. అమ్మాయి ఇంకా తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాల్లో మియోసిస్ మొదలైపోతుంది. జతలు కుదురుతాయి, ముక్కలు మార్చుకోవడం అవుతుంది, అక్కడ పాజ్ పడుతుంది. ఆ పాజ్ పదేళ్ళు కావచ్చు, ముప్పై, నలభై ఏళ్ళు కావచ్చు. అండం విడుదలయ్యే ముందు మళ్ళీ ప్లే అవుతుంది. రెండో విభజన పూర్తి కావాలంటే శుక్రకణం వచ్చి కలవాల్సిందే.

అంటే మీరు ఏ అండం నుంచి వచ్చారో, అందులో ఎరుపు నీలం మార్పిడి జరిగింది మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడు. ఈసారి ఊరెళ్తే అమ్మమ్మకి చెప్పండి.

ఇంత కాలం పాజ్‌లో ఉన్న తర్వాత విడిపోయేటప్పుడు ఒక్కోసారి ఒక జత సరిగ్గా విడిపోదు. రెండూ ఒకే పక్కకి వెళ్ళిపోతాయి. 21వ నంబర్ ముక్క అలా ఒకటి ఎక్కువైతే వచ్చేదే డౌన్ సిండ్రోమ్. దీనికి కారణం అదనపు 21వ క్రోమోసోమ్ అని 1959లో తెలిసింది. తల్లి వయసు పెరిగే కొద్దీ దీనికి అవకాశం పెరుగుతుంది, చిన్న వయసు తల్లులకి కూడా జరగొచ్చు. నేను ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన ఇళ్ళల్లో ఇలాంటిది జరిగితే మొదటి వేలు తల్లి వైపే చూపిస్తారు. గ్రహణంలో బయటికొచ్చింది, అది తిన్నది, ఇది తినలేదు అని. అండంలో ఒక జత సరిగ్గా విడిపోకపోవడం ఆమె తిన్న దాని వల్ల కాదు, తిరిగిన దాని వల్ల కాదు. మా బాపు పంట లాగానే. తప్పు ఎవరిదో వెతికే ముందు లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలి.

సరే, ఇప్పుడు మక్క చేనులోకి వెళ్దాం.

బాపు దాచిన కంకిలో ఏం జరిగింది?

హైబ్రిడ్ విత్తనం ఎలా తయారవుతుందో ముందు చూడాలి. 1908లో అమెరికాలో జార్జ్ షల్ అనే శాస్త్రవేత్త మక్క మీద చేసిన పని దీనికి పునాది. ఒక మక్క రకాన్ని తరాల తరబడి దానితో దానికే పరాగసంపర్కం చేయిస్తూ పోతే, దాని జతల్లో రెండు ముక్కలూ ఒకేలా అయిపోతాయి. మన పేక భాషలో, రెండు కట్టలూ ఎర్రవే. దీన్ని శుద్ధ వరస అంటారు. ఇలాంటి చెట్లు చూడ్డానికి బక్కగా ఉంటాయి. ఇంకో శుద్ధ వరసలో రెండు కట్టలూ నీలంవే. అదీ బక్కదే. ఈ రెండింటినీ కలిపితే పుట్టే గింజలో ప్రతి జతా ఒక ఎరుపు, ఒక నీలం. ఆ చెట్టు తల్లిని మించి, తండ్రిని మించి ఏపుగా పెరుగుతుంది. ఒకదాని లోపాన్ని ఇంకొకటి కప్పేయడం దీనికి ఒక ముఖ్య కారణం. ప్యాకెట్‌లో ఉన్న గింజలన్నీ ఇదే సెట్, అందుకే చేనంతా స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది.

ఇది చేయడానికి చాలా కష్టం ఉంది. మక్క అయితే ఆడ వరసల్లో చెట్ల మీద వచ్చే మగపూత పీకేయాలి. పత్తి అయితే ఇంకా కష్టం. గద్వాల వైపు పత్తి విత్తనాల చేలల్లో పొద్దుగూకే వేళకి మొగ్గ విప్పి లోపలి మగ భాగం చేత్తో తీసేస్తారు, మర్నాడు పొద్దున ఇంకో రకం పువ్వు తెచ్చి దాని మీద రుద్దుతారు. ఒక్కో పువ్వుకీ ఇదే పని. ప్యాకెట్ ధరలో ఈ చేతుల కష్టం కూడా ఉంటుంది.

ఇప్పుడు బాపు చేసింది చూడండి. హైబ్రిడ్ చెట్టుకి కాసిన గింజ దాచాడు. కానీ ఆ గింజ హైబ్రిడ్ చెట్టు కాదు, దాని పిల్ల. ఆ పిల్ల పుట్టాలంటే హైబ్రిడ్ చెట్టులో మియోసిస్ జరగాలి. అంటే ఎరుపు, నీలం మొత్తం కలిసిపోవాలి. మక్కలో 10 జతలు. ప్రతి జతలో ఆ పిల్లకి ఎర్ర ఎర్ర రావచ్చు, నీలం నీలం రావచ్చు, ఒకటి ఒకటి రావచ్చు. ఒకటి ఒకటి వచ్చే అవకాశం సగం. పదికి పది జతలూ అలాగే రావాలంటే? సగాన్ని పదిసార్లు గుణించండి. 1024లో ఒకటి. అదీ క్రాసింగ్ ఓవర్ అసలు లేదనుకుంటే. నిజంగా చూస్తే ఇంకా తక్కువ.

అంటే బాపు వెయ్యి గింజలు వేస్తే, అచ్చం ప్యాకెట్ చెట్టు లాంటిది ఒక్కటి వస్తే గొప్ప. మిగతావన్నీ తలా ఒక రకం. అందుకే ఒకటి మనిషెత్తు, ఒకటి నడుమెత్తు.

మరి తాతల కాలంలో ఎలా దాచుకున్నారు? మా చిన్నాయన వరి విత్తనం ఇప్పటికీ ఇంట్లోదే వాడతాడు, ఆయనకేం కాలేదు. ఎందుకంటే ఆయన వేసేది సాంబ మసూరి, బీపీటీ 5204. బాపట్లలో తయారై 1986లో విడుదలైన రకం. అది హైబ్రిడ్ కాదు. వరి ఎక్కువగా తన పుప్పొడితో తానే గింజ కడుతుంది, కాబట్టి ఆ రకంలో జతల్లో రెండు ముక్కలూ ఒకటే రంగు. అక్కడా మియోసిస్ జరుగుతుంది, పేక కలుస్తుంది. కానీ రెండు కట్టలూ ఎర్రవే అయినప్పుడు ఎంత కలిపితే ఏం? వచ్చేది ఎర్రదే. పక్కపక్క చేలు, ఒకే పద్ధతి, చిన్నాయనకి పని చేసింది, బాపుకి చేయలేదు. తేడా ఇదొక్కటే.

మామిడి కూడా అంతే. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదని ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే అంటు కడతారు. అంటు అంటే ఏంటి? విత్తనాన్ని, అంటే మియోసిస్‌ని, పూర్తిగా తప్పించుకుని పాత చెట్టు కొమ్మనే కొత్త చెట్టు చేయడం. మన రైతులకి ఈ సైన్స్ పేరు తెలియదు కానీ పని తెలుసు.

అయితే మక్కకి, వరికి అంటు కట్టలేం. ఎకరానికి వేల మొక్కలు. మరి విత్తనంలోనే మియోసిస్‌ని ఆపేస్తే? గింజే అంటు లాగా పనిచేస్తే?

ఈ ప్రశ్నకి జవాబులో ఒక పెద్ద ముక్క దొరికింది మన హైదరాబాద్‌లోనే.

బ్లూ లైన్ ఆ చివర

నేను రోజూ ఆఫీస్‌కి రాయదుర్గం స్టేషన్‌లో దిగేవాడిని. అదే బ్లూ లైన్‌లో, ట్రైన్ మారకుండా, నాగోల్ వైపు కూర్చుంటే అమీర్‌పేట, సికింద్రాబాద్, తార్నాక దాటాక హబ్సిగూడ వస్తుంది. అక్కడ ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉంది. సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ సెంటర్. 1977లో పుష్ప మిత్ర భార్గవ నాయకత్వంలో మొదలైంది. కోవిడ్ టైమ్‌లో ఈ పేరు వార్తల్లో బాగా విన్నారు.

అక్కడ ఇమ్రాన్ సిద్దిఖీ అనే శాస్త్రవేత్త, ఆయన టీమ్, అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మీద పనిచేశారు. ఆవాల కుటుంబం, జానెడు ఎత్తు, తినడానికి పనికిరాదు. కానీ 10 క్రోమోసోములే ఉంటాయి, తొందరగా పెరుగుతుంది, అందుకే ప్రపంచమంతా ల్యాబుల్లో దీన్నే వాడతారు.

2000లో వాళ్ళు ఒక జన్యువు గురించి రాశారు. పేరు డయాడ్. ఈ జన్యువు పాడైన మొక్కలో ఆడ వైపు మియోసిస్ సరిగ్గా నడవదు. నాలుగు కణాలు కావాల్సిన చోట రెండే అయి ఆగిపోతాయి. డయాడ్ అంటే జంట. ఆ మొక్కలకి గింజలు దాదాపు రావు. చాలామంది అయితే ఇది చెడిపోయిన మొక్క అని ఫైల్ మూసేసేవాళ్ళు. మా భాషలో చెప్పాలంటే బగ్ క్లోజ్.

వాళ్ళు మూయలేదు. ఎప్పుడో అరుదుగా వచ్చిన ఒకటీ అరా గింజల్ని తీసి చూశారు. వాటిలో 10 కాదు, 15 క్రోమోసోములు ఉన్నాయి. 15 ఎలా వచ్చాయి? పుప్పొడి నుంచి మామూలుగా 5. మరి తల్లి నుంచి? 10. అంటే తల్లి అండంలో లెక్క సగం కాలేదు. అంతకంటే ముఖ్యం, పేక కూడా కలవలేదు. తల్లిలో ఎరుపు నీలం ఎలా ఉన్నాయో అండంలో అలాగే దిగాయి. ఒక్క జన్యువు మారితే మియోసిస్‌ని దాటేసి అండం తయారవగలదు అని తేలింది. రవి, మారిముత్తు, సిద్దిఖీ ముగ్గురూ రాసిన ఆ పేపర్ 2008లో నేచర్ పత్రికలో వచ్చింది. సీసీఎంబీ నుంచి.

ఇంకా సగం సమస్య మిగిలింది. ఆ అండంలోకి తండ్రి 5 వచ్చి చేరితే మళ్ళీ వేరే మొక్క అవుతుంది కదా. తండ్రివి తీసేయాలి. అదే రవి తర్వాత కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీలో సైమన్ చాన్‌తో కలిసి, 2010లో ఇంకో దారి చూపించారు. క్రోమోసోమ్‌ని విభజనలో లాగడానికి ఒక పిడి లాంటి భాగం ఉంటుంది, సెంట్రోమియర్ అంటారు. ఒక మొక్కలో ఆ పిడిలోని ప్రోటీన్ మార్చేస్తే, ఇంకో మొక్కతో కలిసిన తర్వాత ఈ పిడి మార్చిన వైపు క్రోమోసోములు పిండంలోంచి జారిపోతాయి.

రెండూ కలిపారు. 2011లో హైదరాబాద్, ఫ్రాన్స్, కాలిఫోర్నియా టీములు కలిసి సైన్స్ పత్రికలో రాసిన పేపర్ అది. ఫ్రాన్స్ వాళ్ళు అప్పటికే మూడు జన్యువులు మార్చి మియోసిస్‌ని మైటోసిస్‌లా నడిపించారు. ఆ మొక్కల పిల్లల్లో సుమారు మూడో వంతు దాకా అచ్చం తల్లే. గింజ నుంచి వచ్చిన జిరాక్స్ మొక్క.

ఆ తర్వాత వరి. 2019 నాటికి డేవిస్‌లోనే ఇంతియాజ్ ఖాందే, వెంకటేశన్ సుందరేశన్ టీమ్, వరిలో ఆ మూడు జన్యువుల పద్ధతికి ఇంకో చిన్న మార్పు జోడించి, తండ్రి అవసరం లేకుండా అండమే పిండంగా మారేలా చేసింది. 2022లో వచ్చిన ఇంకో పేపర్ హైబ్రిడ్ వరిలో 95 శాతం పైన గింజలు తల్లిలాగే వచ్చాయని చూపించింది. అంటే బాపు కల ల్యాబ్‌లో నిజమైంది. హైబ్రిడ్ పంట కోసి, గింజ దాచి, మళ్ళీ వేస్తే మళ్ళీ హైబ్రిడ్.

ఇది రేపు విత్తనాల షాపులో దొరుకుతుందని కాదు. ఇదంతా ప్రయోగాల దశ. ఎవరైనా ఇప్పుడే వచ్చి ఇలాంటి విత్తనం ఉంది కొనండి అంటే నమ్మకండి.

మరి మియోసిస్ మన శత్రువా?

కాదు. ఇది క్లియర్‌గా చెప్పాలి. అరటి చెట్టు చూడండి. మనం తినే అరటిలో గింజ ఉండదు, ఎందుకంటే అందులో చాలా రకాలకి క్రోమోసోములు జతలుగా కాక మూడేసి ఉంటాయి. ముగ్గురు ఉన్నప్పుడు ఎవరి జత ఎవరు? మియోసిస్ కుదరదు, గింజ కట్టదు. అందుకే పిలకలు నాటతాం. తోటంతా ఒకే చెట్టు కాపీలు. ఒకప్పుడు ప్రపంచ మార్కెట్ మొత్తం గ్రోస్ మిషెల్ అనే ఒక్క రకం మీద నడిచింది. పనామా తెగులు వచ్చింది, 1950, 60లు వచ్చేసరికి ఆ వ్యాపారమే కుప్పకూలింది. అన్నీ ఒకటే అయినప్పుడు ఒక్క చెట్టుని చంపే తెగులు అన్నిటినీ చంపుతుంది. పేక కలిసి ఉంటే ఎక్కడో ఒక చెట్టుకి మంచి చెయ్యి పడి తట్టుకునేది.

సాంబ మసూరి తయారైంది కూడా పేక కలపడం వల్లే. వేర్వేరు రకాలు కలిపి, వచ్చిన పిల్లల్లో మంచిది ఏరుకుంటేనే కొత్త రకం. కాబట్టి కలపాల్సిన చోట కలపాలి, ఆపాల్సిన చోట ఆపాలి. ఎక్కడ ఆపాలో, ఎలా ఆపాలో నేర్చుకోవడమే ఈ సైన్స్.

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు బాపుకి ఇదంతా చెప్పాను. నిజంగానే రెండు పేక కట్టలు తీసుకెళ్ళాను, ఎర్రది, నీలంది. అరుగు మీద కూర్చుని పది పది ముక్కలు తీసి కలిపి చూపించాను. పదిసార్లు పంచాను. ఒక్కసారి కూడా పది జతలూ ఎరుపు నీలం రాలేదు. బాపు చాలాసేపు ముక్కల వైపే చూశాడు. తర్వాత అడిగాడు, "అంటే గింజలు ఎండబెట్టుడు మంచిగనే చేసిన్నా బిడ్డా?"

"మంచిగనే చేసినవ్ బాపు."

"మరి విత్తనం అమ్మినాయన గీ ముచ్చట అప్పుడే చెప్తే అయిపోవు గదా."

దానికి నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ వీడియో చేశాను. మీ ఇంట్లో, మీ ఊళ్ళో వ్యవసాయం చేసేవాళ్ళుంటే ఒక్క విషయం చెప్పండి. ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని ఉంటే గింజ దాచొద్దు. హైబ్రిడ్ కాని రకం అయితే, ముఖ్యంగా వరి లాంటిది అయితే, బాగా ఎండబెట్టి దాచుకోవచ్చు. ఏది ఏదో కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

బైపీసీ ఫ్రెండ్స్, నేను ఎక్కడైనా తప్పు చెప్పి ఉంటే మొహమాటం లేకుండా కామెంట్‌లో రాయండి, సరిచేస్తాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి పంట కథ ఉంటే అది కూడా రాయండి, నేను చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకు ఉంటాను మరి.